మామయ్య రిఫండు, అత్తయ్య సోఫా

మా పెద్ద మామయ్య యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్. సూది విరిగినా, టీ చల్లారినా "లెక్క ప్రకారం..." అని మొదలుపెట్టేవాడు. దాంతో ఫ్యాక్టరీలో అందరికీ ఆయన పేరే "లెక్కప్రకారం" అయిపోయింది.

ఆ ఏడు ఆయన జీతంలోంచి పన్ను ఎక్కువ కోశామని ఆఫీసు గుమాస్తా నోరు జారాడు. "కొంత వెనక్కొస్తుందండీ. ఎంతో మీరే అంచనా వేసుకోండి" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే మామయ్య వంటింటి బల్ల మీద జీతం చీటీలు నెలలవారీగా పరిచాడు. ఫ్యాను గాలికి ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో దారపుకండె పెట్టాడు. మధ్యాహ్నానికి తేల్చాడు: పద్దెనిమిది వేల మూడొందల నలభై. సాయంత్రానికి అత్తయ్య సోఫా సెట్టు అరువు మీద తెచ్చేసింది. పెద్దదొకటి, కుర్చీలు రెండు.

"డబ్బు రాకముందే కొనేశావేంటే?"

"వస్తుందని చెప్పింది మీరేగా. మీ లెక్క మీద మీకే నమ్మకం లేదా?"

మామయ్య జీతం చీటీలు మళ్లీ మొదట్నుంచీ కూడటం మొదలెట్టాడు.

మంగళవారం ఆయనకి బ్యాంకు వడ్డీ కలపలేదని గుర్తొచ్చింది. అంచనా పన్నెండు వేల తొమ్మిదొందలకి పడింది. అత్తయ్య ఒక కుర్చీని ఆటో ట్రాలీలో కొట్టుకి తిప్పి పంపింది. పై వారం అలమరలో పరిచిన కాగితం కింద బీమా రసీదు దొరికింది. అంచనా పదహారు వేలు దాటింది, కుర్చీ ఇంటికొచ్చింది. ఆ రసీదు కిందటేడుదని తేలాక మళ్లీ వెళ్లింది. ట్రాలీవాడు పిలవకుండానే రావడం మొదలెట్టాడు. "లెక్క ఇవాళ పైకా, కిందికా అయ్యా?" అనేవాడు గుమ్మంలో నిలబడి.

ఒకసారి అమ్మమ్మ కూర్చునుండగానే కుర్చీ ఎత్తబోయారు.

"నన్ను కూడా తగ్గించేశారా?" అంది అమ్మమ్మ తాపీగా.

మూడు నెలలకి డబ్బు పడింది. పదమూడు వేల పన్నెండు. సోఫాకీ, ఒక కుర్చీకీ సరిపోయింది. అందరం సంతోషించాం, మామయ్య తప్ప. తన అంచనా కంటే నూట పన్నెండు ఎక్కువొచ్చింది మరి. సెలవు పెట్టి పన్నుల ఆఫీసుకి వెళ్లాడు. నేనూ తోడెళ్లాను.

"అది వడ్డీ అండీ. మేం ఆలస్యంగా ఇచ్చాం కదా" అన్నాడు కిటికీలోని ఉద్యోగి.

"నేనేం తొందరపెట్టలేదే."

"పెట్టకపోయినా ఇస్తాం."

"వెనక్కి తీసుకోండి బాబూ. నా లెక్క తప్పుతోంది."

"తీసుకోడానికి మా దగ్గర ఫారం లేదండీ. వచ్చే ఏడు ఈ వడ్డీని ఆదాయంలో చూపించి పన్ను కట్టండి, సరిపోతుంది."

మామయ్య మొహం వికసించింది. "పన్నంటే, అందులోనూ కొంత వెనక్కొస్తుందా?"

ఉద్యోగి ఆయన్ని ఎగాదిగా చూసి, భోజనం వేళయిందని కిటికీ మూసేశాడు. అతను తిరిగొచ్చేసరికి మామయ్య బెంచీ మీద కూర్చుని అంచనా పూర్తి చేశాడు: ఆరున్నర రూపాయలు. ఉండబట్టలేక అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆరున్నర వస్తుందే" అన్నాడు.

"అంతాలస్యమా? సరే, వచ్చాకే టీ పెడతాను" అంది అత్తయ్య.