కొయినా మింగి మోటారు తోలిన రోజు

మా మనవరాలికి విమానంలో ఉద్యోగం. ప్రయాణికులకు బెల్టులు పెట్టించడం, ఏదైనా ముప్పు వస్తే తలుపులు తీసి వాళ్లను బయటికి దింపడం ఆ పిల్ల పని. పోయిన వారం ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చింది. ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయిందట. మర్నాడే డ్యూటీ.

"మీవాళ్లకి చెప్పావా?" అన్నాను.

"చెబితే ఈ ట్రిప్పు నుంచి తీసేస్తారు తాతా. జ్వరం లేదు కదా, చెవి ఎవరు చూస్తారు?" అని నవ్వింది.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టబోయి ఒలికించాను. ఒలికిన కాఫీ తుడుస్తూ ఆ పిల్ల, వయసు మీద పడింది తాతకి అనుకుని ఉంటుంది. వయసూ కాదు, గాడిదగుడ్డూ కాదు. అది భయం. నలభై అయిదేళ్లుగా ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్న భయం.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాటు మీదుగా అరకు సంతకి ఒక మోటారు బస్సు తిరిగేది. దానికి నేను డ్రైవర్ని. ఆ రోజుల్లో డ్రైవరంటే మాటలా! తహసీల్దారు ఎదురొచ్చినా నాకే ముందు దారి ఇచ్చేవారు. నా పొగరు ఇంతా అంతా కాదు.

ఆ ఘాటు మలుపుల్లో మోటారు ఒక్క ఊపున తిరిగేది కాదు. ముక్కు కొండకి ఆనేదాకా ముందుకు పోనిచ్చి, మళ్లీ లోయ అంచు దాకా వెనక్కి జారనిచ్చి, అప్పుడు తిప్పాలి. జారేటప్పుడు డ్రైవరుకి అంచు కనబడదు. అందుకని వెనక మనిషి ఒకడుండేవాడు. మలుపు రాగానే అడ్డుచెక్క పట్టుకుని దిగి, "రానీ... రానీ..." అని కేకేసేవాడు. "ఆపు" అన్నాడా, బ్రేకు తొక్కాలి. తొక్కగానే చక్రం వెనక చెక్క పెట్టేవాడు. బ్రేకులు అంతంతమాత్రం కాబట్టి ఆయన గొంతు, నా చెవులు, ఆ చెక్కముక్క, వీటి మీదే బండి కొండెక్కేది.

మా వెనక మనిషి హుకుంపేట దగ్గరి కొండ ఊరివాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. ఎంత గాలిలోనైనా ఆయన కేక నాకు చెవి పక్కనే వినబడేది.

మన్యం జ్వరం ఎవర్నీ వదిలేది కాదు. జ్వరంతో ఒక డ్రైవరు బండిని గట్టుకి కొట్టాక, యజమాని ఒక కట్టుబాటు పెట్టాడు. ప్రయాణం రోజు పొద్దున్నే గుమాస్తా మా మెడ మీద చెయ్యి వేసి చూస్తాడు. వేడిగా ఉంటే ఆ పూట స్టీరింగు ముట్టుకోనివ్వడు. రెండుసార్లు అలా జరిగితే వేరే వాణ్ణి పెట్టుకుంటారు. నాకు అప్పటికే ఒకసారి జరిగింది.

సంత ముందురోజు సాయంత్రం నాకు చలి పుట్టింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను. మలేరియాకని పోస్టాఫీసులో కొన్న కొయినా బిళ్లలు పెట్టెలో ఉన్నాయి. పూటకి ఒకటి అని చెప్పారు. నేను పొద్దుటికి పొట్లం మొత్తం మింగేశాను. తెల్లారేసరికి చెమటలు పట్టి ఒళ్లు మంచుగడ్డయింది. చెవుల్లో మాత్రం కీచురాళ్లు ఒకటే మోత. గుమాస్తా చెయ్యి వేసి చూశాడు. ఏదో అన్నాడు, నవ్వాడు, తల ఊపాడు. నేనూ ఊపాను. చెవులు చూడాలని ఎవరికి తోస్తుంది?

పద్నాలుగు మంది ఎక్కారు. నా పక్కన పిప్పళ్లు కొనడానికి పోతున్న షావుకారు. వెనక వరసలో చంటిపిల్లతో ఒక కొండ గుంట, తనూ చిన్నపిల్లే. శృంగవరపుకోట ఆసుపత్రిలో కాన్పయి తన ఊరు పోతోంది.

మొదటి రెండు మలుపులు ఎలాగో గట్టెక్కాయి. "రానీ" అన్నది ఏదో బావిలోంచి వచ్చినట్టు వినబడింది. బండి చప్పుడు వల్లనేమో అనుకున్నాను. ఒకచోట ఇంజనుకి నీళ్లు పోయడానికి ఆపి, వెనక్కి తిరిగాను. ఆ చంటిది ఏడుస్తోంది. నోరు బార్లా తెరిచి, ముఖం కందిపోయి, గుక్కపట్టి ఏడుస్తోంది. నాకు చప్పుడే లేదు.

కొయినా ఎక్కువై చెవులు మూసుకుపోయాయని అప్పుడు తెలిసింది. చెప్పెయ్, చెప్పెయ్ అని లోపలినుంచి ఒకటే పోరు. చెబితే గుమాస్తాకి తెలుస్తుంది, యజమానికి తెలుస్తుంది, రేపటి నుంచి నా సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. చెప్పలేదు. ఎంత వెధవనో చూడండి, పద్నాలుగు మంది ప్రాణాల కంటే ఆ సీటే నాకు పెద్దదయింది.

అసలైన పెద్ద మలుపు వచ్చింది. ముక్కు కొండకి ఆనించాను. బ్రేకు వదిలాను. బండి వెనక్కి జారుతోంది. చెవుల్లో కీచురాళ్లు తప్ప ఏమీ లేదు. ఇంకా "ఆపు" అనలేదు కాబోలు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కాలు బ్రేకు పక్కనే పెట్టుకున్నాను. ఇంకా అనలేదు కాబోలు. ఇంతలో షావుకారు లేచి రెండు చేతులా నా భుజం పట్టుకుని ఊపాడు. ఆయన నోరు అరుస్తోంది. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. వెనక భాగం ఒక్కసారి కిందికి ఒరిగింది. అంతే, పోయాం అనుకున్నాను. ఒక్క కుదుపుతో ఆగింది.

దిగి వెనక్కి పరుగెత్తాను. చక్రం సగం అంచు దాటి గాలిలో ఉంది. దాని కింద అడ్డుచెక్క. చెక్కకీ చక్రానికీ మధ్య మావ కుడిచెయ్యి. చెక్క తోసి చెయ్యి తీసుకునే వ్యవధి లేకపోయింది ఆయనకి. అందరూ దిగి బండిని ముందుకి నెట్టాక చెయ్యి బయటికొచ్చింది. రెండు వేళ్లు నుజ్జయ్యాయి.

ఆయన ఏడవలేదు. ముఖం నా ముఖానికి ఆనేంత దగ్గరగా తెచ్చి అరిచాడు. అప్పుడు కాస్త అందింది నాకు.

"ఆపమన్నాను గదా బాబూ! నాలుగుసార్లన్నాను. ఇనబడ్నేదేటి?"

నన్ను ఎగాదిగా చూశాడు. నా వెనక్కి వెళ్లాడు. కాసేపటికి తిరిగొచ్చాడు. నన్ను వెనకనుంచి పిలిచాడని ఆ చూపులోనే అర్థమైంది. పిలిచాడు, నేను తిరగలేదు.

గుమాస్తా అడిగినప్పుడు మావే చెప్పాడు, "సెక్క జారిపోనాది. నా తప్పే" అని. అప్పటికి చెవులు కొంచెం తెరుచుకున్నాయి, ఆ మాట నా రెండు చెవులారా విన్నాను. విని ఊరుకున్నాను. వేళ్లు లేని చెయ్యి చెక్కకి పనికిరాదని ఆయన్ని మాన్పించేశారు. నన్ను ఉంచారు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. అయిపోయాక చెప్పులేసుకుని, వాళ్ల ఆఫీసుకి చెప్పడానికి పక్కింటి టెలిఫోను దగ్గరికి పోయింది.

ఆనాడు నాలుగో రోజుకే నా చెవులు పూర్తిగా బాగయ్యాయి. మావ మాత్రం నమ్మలేదు. ఆ తర్వాత పాతికేళ్లు సంతల్లో కలుస్తూనే ఉన్నాం. ఎక్కడ కనబడినా చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చి, నా కళ్లలోకి చూశాకే నోరు తెరిచేవాడు. చివరిసారి హుకుంపేట సంతలో అనేశాను, "నా చెవులు బాగున్నాయి మావా, వెనకనుంచి పిలిచినా వినబడుతుంది" అని.

"మంచిది బాబూ" అన్నాడు. ఆ మాట కూడా నా ముందుకొచ్చి, మూడు వేళ్ల చేత్తో నా భుజం పట్టుకుని, నేను తన నోటికేసి చూస్తున్నానని రూఢి చేసుకున్నాకే అన్నాడు.