ఇద్దరి మీదా పడిన దండ

కొత్తగా ఉద్యోగంలో చేరిన వయసులో, లోకంలో సర్దవలసినవన్నీ మన కోసమే చెల్లాచెదురుగా పడి ఉన్నట్టు అనిపిస్తుంది. రాజమండ్రిలో ఉద్యోగం వచ్చి, సొంత కంప్యూటరు కొనుక్కున్న నాకు మా వంశమే అలా కనిపించింది. సెలవు దొరికితే చాలు, చుట్టాల ఇళ్ళకు వెళ్ళి గోడల మీది ఫోటోలన్నీ ఫోనులోకి ఎక్కించుకొచ్చేవాణ్ణి. (స్టూలు అడిగేవాణ్ణి గానీ, ఆ ఇంట్లోవాళ్ళను ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి కాదు. పరిశోధకుణ్ణి కదా!) ఫోటోలు బోలెడు పేరుకున్నాక వాటిని సర్దడానికి నాకొక అద్భుతమైన ఉపాయం తట్టింది. దండ ఉన్నవాళ్ళు ఒక ఫోల్డరు, లేనివాళ్ళు ఇంకో ఫోల్డరు. దండ ఫోల్డరులోని ప్రతి పేరుకూ ముందు 'కీర్తిశేషులు' అని తగిలించి, వంశవృక్షం గీసి, బాబాయి కూతురి పెళ్ళికి ముందురోజు పొద్దున్నే కుటుంబం గ్రూపులో పెట్టేశాను. అందరూ ఒకచోట చేరతారు, పొగడ్తలు నేరుగా అందుకోవచ్చని నా ఆశ.

పెళ్ళికూతుర్ని చేస్తుండగా తుని నుంచి పెదనాన్నగారు ఫోన్ చేశారు. బాబాయి స్పీకరు నొక్కాడు.

"పెనుగొండ పిన్ని పోయిందటగా! మాకు ఒక్క ముక్క చెప్పాలనిపించలేదేంట్రా?"

"పిన్ని పోవడమేంటి అన్నయ్యా?"

"మనవాడి ఫైల్లో చూశాను. మేమంతా తలస్నానాలు చేసి తడిబట్టలతో నిలబడ్డాం. నువ్వేమో అక్కడ సన్నాయి వాయింపిస్తున్నావు!"

పెనుగొండ పిన్ని అంటే నాకు చిన్నమామ్మ, తాతయ్యగారి తమ్ముడి భార్య. కూతురి దగ్గర ఉండేది. నా ఊహ తెలిశాక ఆవిణ్ణి చూసిన గుర్తు లేదు. బాబాయి ఆ కూతురికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేస్తే అసలు మోగనే లేదు. పురోహితుడుగారు పంచాంగం మూసేశారు. "దాయాదులండి. పది రోజులు మైల. రేపటి ముహూర్తం కుదరదండి." సన్నాయి ఆగింది. పెళ్ళికూతురు పసుపు మొహంతోనే ఏడుపు లంకించుకుంది. వంటాయన గరిటెతో వచ్చి, "బూందీ దుయ్యమంటారా, ఆపమంటారా అండి?" అని అడిగాడు. బాబాయి నా వైపు తిరిగాడు.

"నీ ఫైల్లో నిజంగా అలాగే ఉందట్రా?"

"చూసొస్తాను బాబాయ్" అని మేడ మీదికి పరుగెత్తాను.

చూశాను. చిన్నతాతయ్య, చిన్నమామ్మ పక్కపక్కన కూర్చుని తీయించుకున్న ఫోటో. ఆయన పోయాక విడిగా ఫోటో లేక దండ దీనికే వేశారు. దండ అన్నాక ఇద్దరి మీదా పడుతుంది కదా!

ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే కింద ఆటో ఆగిన చప్పుడైంది.

"ఏంట్రా అందరూ అలా చూస్తున్నారు? బస్సు ఆలస్యమైతే నేనేం చెయ్యను?"

చిన్నమామ్మ! వెనకాలే చార్జింగు అయిపోయిన ఫోన్ పట్టుకుని ఆవిడ కూతురు. బాబాయి ఆవిడ కాళ్ళ మీద పడి భోరుమన్నాడు. సంగతంతా విని ఆవిడ, "సరే, పోయినదానికి కాఫీ ఇస్తారా, అదీ లేదా?" అంది. సన్నాయి మళ్ళీ అందుకుంది.

అప్పుడైనా నేను నిజం చెప్పవలసింది. చెప్పకుండా, ఆ మాట చెరిపేసిన ఫైలు పట్టుకొచ్చి, "చూడండి, నేనలా రాయనే లేదు" అన్నాను. మిగతావాళ్ళ ఫోన్లలో మొదటి ఫైలు తెరుచుకోలేదు కాబట్టి నమ్మేశారు. "అన్నయ్య కళ్ళజోడు లేకుండా చదివుంటాడు" అని బాబాయి తేల్చేశాడు. ఆ సాయంత్రం పెదనాన్నగారు దిగగానే, "రండి, యమధర్మరాజుగారూ!" అని అందరూ ఆటపట్టించారు. ఆయన నన్నొకసారి చూసి, నవ్వి ఊరుకున్నారు. ఆ పేరు ఆయనకు అలాగే ఉండిపోయింది.

చిన్నమామ్మ మాత్రం భోజనాల దగ్గర నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అంది. "ఆ దండ నా మెడ మీద కూడా పడుతోందర్రా అని ఆ రోజే మొత్తుకున్నాను. ఎవరు విన్నారు?"

చిన్నమామ్మ తరవాత కొన్నేళ్ళకు నిజంగానే వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ వంశవృక్షాన్ని పిల్లల కోసం మళ్ళీ సర్దుతున్నాను. అందరికీ పంపేముందు, మొన్న పెదనాన్నగారికి ఫోన్ చేశాను.

"ఆ మాట రాసింది నేనేనండి. మీరు సరిగ్గానే చదివారు. ఈసారి మొదటి పేజీలోనే ఆ సంగతి రాస్తున్నాను."

"నాకు తెలీదేంట్రా? ఆ ఫైలు నా దగ్గర ఇంకా ఉంది."

"మరి అప్పుడే చూపించలేదేంటండి?"

"చూపించేవాణ్ణే. ఆ పెళ్ళిలో నిన్ను చూసుకోడానికి పిల్ల తరఫువాళ్ళు వచ్చారు కదా. బతికున్నవాళ్ళను చంపేసేవాడికి పిల్లనెవడిస్తాడ్రా?"

ఆ పిల్లే ఇప్పుడు మా గుమ్మంలో నిలబడి, "ఎవరండీ ఫోన్లో? అలా సిగ్గుపడిపోతున్నారేంటి?" అని అడుగుతోంది.