చెవి దగ్గర ఊపి చూడమన్న సారు

గత సోమవారం ఉదయం ధర్మవరంలో ఒక చీరల అంగడి మెట్ల మీద, నేను కుచ్చులు కట్టిన పట్టుచీరలు అప్పగిస్తూ ఉండగా హిందూపురం నుండి ఫోను వచ్చింది. లక్ష్మీదేవమ్మగారి గొంతు. "మీ సారు పోయినాడు మస్తానమ్మా. అరుగు మీద పేపరు చదువుతా కూచున్నోడు కూచున్నట్లే వాలిపోయినాడు." తన భర్త గురించి ఆమె ఇంకా ఏమేమో చెప్పింది. నా చెవికెక్కలేదు. ‘మనం దేవునివారం, తిరిగి ఆయన దగ్గరికే పోతాం’ అని మా పెద్దలు నేర్పిన మాటను నా పెదవులు పలికాయి. చెయ్యి మాత్రం సంచిలోకి పోయి, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితాన్ని తడుముకుంది. అది సారు చదవవలసిన కాగితం. మూడు వారాలుగా రేపు, ఎల్లుండి అంటూ నేను దాచుకు తిరిగిన కాగితం. ఆ రోజే రైలెక్కి ఆయన చేతిలో పెట్టాలని బయలుదేరాను. అప్పటి నుండి నా మనసు ఒకచోట నిలవడం లేదు. ఈ నాలుగు మాటలూ కుదురు లేకుండానే రాస్తున్నాను. చదివేవారు మన్నించాలి.

కీర్తిశేషులు నాగభూషణం సారు బడిపంతులు కారు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో ఒక వ్యాపారి దగ్గర ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పుచ్చుకున్న మనిషి. అయినా వీధిలో పిన్నలూ పెద్దలూ ఆయనను సారు అనే పిలిచేవారు. సాయంత్రమైతే ఆయన ఇంటి అరుగే ఒక పాఠశాల. అక్కడ చెప్పే విద్య ఒక్కటే, కంపెనీ షేరు అంటే ఏమిటి అని. రుసుము లేదు, హాజరు లేదు, కాఫీ మాత్రం ఉండేది.

నా చదువు నాలుగో తరగతితోనే ఆగిపోయింది. పెనుకొండలో పరుపులు కుట్టే మా నాయన ఆ తరువాత ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, పాత వార్తాపత్రికలు గట్టిగా చదివించాడు. వడ్డీ ముట్టరాదన్న నియమమూ ఆయన నేర్పినదే. అందువల్ల కుచ్చులు కట్టి నేను మిగిల్చుకున్నది పెట్టెలోనే మూలిగేది. ఐదేళ్ల కిందట లక్ష్మీదేవమ్మగారి చీరలు ఇవ్వడానికి పోయినప్పుడు ఈ సంగతి సారు చెవిన పడింది.

"ఏమ్మా, వడ్డీ వద్దంటావు. భాగం గూడా వద్దా?"

"రెండింటికీ తేడా ఏముండాది సారూ? రెండూ కూచోని తినేదే కదా!"

"తేడా లేకుండా యాడికి పోతాది? వడ్డీకిచ్చినోడు గట్టు మీద నిలబడతాడు. ఎదుటోడు మునిగినా వీనిది వీనికి రావాల. భాగం తీసుకున్నోడు నీళ్లలో దిగతాడు. వాడు మునిగితే వీడూ తడుస్తాడు. షేరంటే అదే. ఆ కంపెనీకి నువ్వొక పిడికెడు యజమానివి. లాభంలో నీకొక పిడికెడు, నష్టంలో నీకొక పిడికెడు. ఓర్చుకుంటావా?"

నేను మా మతపెద్దలను అడిగాను. సారాయి, వడ్డీ వ్యాపారం వంటివి చేసే కంపెనీలు విడిచి, తక్కినవాటిలో చూసుకొని భాగం తీసుకోవచ్చన్నారు. ఆ నియమాన్ని నాకంటే సారే గట్టిగా పట్టుకున్నారు. నేను ఏ కంపెనీ నివేదిక తీసుకుపోయినా ముందు అప్పుల పుట వెతికేవారు. "ఇది నీ దేవునికి ఒప్పదు, పక్కన పెట్టు" అని మూసేసేవారు. పరమత నిష్ఠను అంత శ్రద్ధగా కాపాడిన మనిషికి నేను జన్మంతా కృతజ్ఞురాలిని.

ఆయన బోధనంతా పట్టుగూళ్లతోనే సాగేది. ఒకనాడు నా చేతిలో ఒక గూడు పెట్టి, చెవి దగ్గర ఊపి చూడమన్నారు. లోపల ఏదో కదిలి టకటకమంది.

"లోపల పురుగు చచ్చి అంటుకోనుంటే ఈ చప్పుడు రాదు. గూడు మాత్రం తెల్లగా మెరుస్తానే ఉంటాది. కంపెనీ గూడా అంతే. పేరు మెరుస్తాందని కొనద్దు. ఏటేటా వాళ్లు ఇచ్చే పుస్తకాన్ని చెవి దగ్గర పెట్టుకోని ఊపు. ఎంత అమ్మినారు, ఎంత మిగిలింది, ఎంత అప్పుండాది?"

"మరి ధర దినమూ మారతాందే సారూ?"

"ఒకే కుప్పకు పొద్దున ఒక ధర, మధ్యాన్నం ఒక ధర పలుకుతాది. గూడు మారిందా? వేలం పాడేటోని మనసు మారింది."

చివరికి ఒక పరీక్ష ఉండేది. "ఆ కంపెనీ ఏం చేస్తాదో మా ఇంటామెకు తెలిసేటట్టు చెప్పు. ఆమెకు అర్థమైతే కొను." వంటింట్లో నుండి లక్ష్మీదేవమ్మగారు తగులుకునేవారు. "నన్నెందుకు మధ్యలో లాగుతావు? నేనేమన్నా తూకంరాయినా?" "తూకంరాయివే. అందుకే ఎంత పిలిచినా కాఫీ కదిలి రాదు!"

ఇంత చెప్పినా, ఏ షేరు కొనాలో ఆయన ఎవరికీ చెప్పలేదు. సోమందేపల్లి నుండి బస్సు దిగి వచ్చినవారు కూడా "ఒక్క పేరు చెప్పు సారూ" అని బతిమాలేవారు. "నాగభూషణం. నాకు తెలిసిన పేరు అదొక్కటే" అనేవారు. అందరూ నవ్వేవారు. ఆయనది లోభమేమోనని నేను లోలోపల అనుకునేదాన్ని. ఆ పాపం దాచుకోను.

పోయిన నెల సంగతి. పొలాలకు నీటి గొట్టాలు చేసే ఒక కంపెనీలో నాకు నలభై షేర్లు ఉండేవి. ఒక ఉదయం కుచ్చు ముడి వేస్తూ ఫోను చూస్తే ధర సగానికి పడిపోయింది. దారం వదిలేసి, నలభైనీ అమ్మేశాను. కొన్ని రోజులకు ఖాతాలో మళ్లీ నలభై కనిపించాయి. నావి అమ్ముడుపోయాయి, మరి ఇవి ఎవరివి? ఏ అభాగ్యుని సొత్తో దారితప్పి నా దగ్గరికి వచ్చిందనుకున్నాను. నమాజుకు నిలబడితే మనసు నిలవలేదు, అన్నం సయించలేదు. దొరికిన రైలు పట్టుకొని హిందూపురం పోయి అరుగెక్కాను.

"సారూ, ఎవురివో నలభై షేర్లు నాకొచ్చినాయి. ఎవురికి తిరిగియ్యాలో చెప్పండి."

ఆయన ఫోను చూసి, కళ్లద్దాలు జారిపోయేటట్టు నవ్వారు. "ఇవి నీవే తల్లీ. నువ్వు అమ్మకముందే లెక్క తీసి, అప్పుడు పేరున్నోళ్లకంతా కంపెనీ ఒక్కో షేరుకు ఇంకొకటి ఇచ్చింది. బోనస్ అంటారు. నువ్వు ఒక లావు కుచ్చును విడదీసి రెండు సన్నకుచ్చులు కడితే దారం తగ్గుతాదా, పెరుగుతాదా? షేర్లు రెండింతలైనాయి, ధర సగమైంది. నువ్వు బెదిరిపోయి ఒక సగం అమ్ముకున్నావు, ఇది రెండో సగం." ఉన్నట్టుండి ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇన్నేండ్లలో ‘నాది పోయింది’ అని ఏడుస్తా వచ్చినోళ్లే అందరూ. ‘ఇంకొకరిది వచ్చింది, తిరిగియ్యాల’ అని వచ్చింది నువ్వొక్కదానివే."

ఆ మాటకు నేను చేతులెత్తి మొక్కవలసింది. నాకు మాత్రం రోషం వచ్చింది. "మీకు ముందే తెలుసు గదా, ఒక్క మాట చెప్పింటే అమ్మకపోదును!" అన్నాను. "కంపెనీ నీకు ఉత్తరం పంపింటాది. చదివినావా?" అన్నారు. ఫోనులోకి వచ్చింది, ఇంగ్లీషులో ఉందని వదిలేశాను. తప్పు నాదే. తప్పు తెలిసిన నోరు ఇంకా చెడ్డది. "మీకేమి సారూ, గట్టు మీద నిలబడి చూస్తాండారు" అనేశాను.

ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. తరువాత మెల్లగా అన్నారు. "ధర్మవరంలో నరసింహులని నేతగాడు, నా చిన్ననాటి స్నేహితుడు. బతుకులో ఒకేసారి, ఒక్కనికే, ఒక పేరు చెప్పినా. రెండు మగ్గాల్లో ఒకటి అమ్మి పెట్టినాడు. ఆ కంపెనీ మునిగింది. నాదీ మునిగింది, కానీ నాది జీతంలో మిగులు, వానిది మగ్గం. మళ్లా వాడు ఈ అరుగెక్కలేదు. నేను గట్టు మీద లేనమ్మా. ఆ నీళ్లలోనే ఉండా."

నేను లేచి పోతుంటే ఆయనే పిలిచారు. "మిగిలిన నలభై ఎందుకు పెట్టుకుంటాండావో నీ మాటల్లో రాసుకోని రా. ఆ కారణం ఉన్నన్నాళ్లు పెట్టుకో. కారణం పోయినరోజు అమ్ము. ధర చూసి బెదరద్దు." క్షమించమని అడగకుండానే రైలెక్కాను. రాయడం, చింపడం, మళ్లీ రాయడం. సిగ్గు కాళ్లకు అడ్డం పడింది. మూడు వారాలు గడిచాయి.

ఆ సోమవారం నేను పోయేసరికి అరుగు నిండా జనం. మెట్ల కింద ఒక ముసలాయన చంకలో పొట్లంతో, ఎక్కీ ఎక్కక నిలబడి ఉన్నాడు. లక్ష్మీదేవమ్మగారు చూసి, "ఎక్కు నరసింహులన్నా, ఇంకెవురు ఏమంటారు నిన్ను?" అన్నారు. ఆయన ఎక్కి, తాను నేసిన పట్టు కండువా సారు మీద కప్పి, భోరుమన్నాడు. "మగ్గం పోయిందని అలగలేదమ్మా నేను. పాడు మనసు, ఈ అరుగెక్కితే ఇంకో పేరు అడుగుతానేమోనని భయపడి రాలేదు." సారుకు ఈ మాట వినే భాగ్యం లేకపోయింది. మాటను రేపటికి దాచుకున్నది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది. తెలిసినా మనసు కుదుటపడలేదు.

మూడో రోజు మళ్లీ పోయాను. లక్ష్మీదేవమ్మగారే అడిగారు. "ఆయనకు ఏదో కాగితం తెస్తావని ఎదురుచూస్తాండె. ఏదీ, నాకు చదువు." చదివాను. మన సీమలో నీళ్లు తక్కువ, చుక్కచుక్కగా పారించే గొట్టాలు లేనిదే చేను నిలవదు, ఈ కంపెనీకి అప్పు తక్కువ, అందుకని పెట్టుకున్నాను. ఆమె అడిగారు.

"గొట్టం పగిలితే రైతు మళ్లా వీళ్ల దగ్గరే కొంటాడని ఏం నమ్మకం?"

"అది రాయలేదమ్మా."

"అయితే నాకు అర్థం కాలేదు. మళ్లా రాసుకోని రా."

వంటింటి గడప మీద కూర్చొని, ఒక్క పాఠానికీ రాని ఆ తల్లి అడిగిన ప్రశ్న అచ్చం సారు అడగవలసినదే. అడిగిన గొంతు ఆయనది కాదు. అక్కడే నాకు దుఃఖం ఆగలేదు.

పేరు చెప్పేవారు వీధికి నలుగురున్నారు. ఊపి చూడమని గూడు చేతికిచ్చే మనిషి మాకు మళ్లీ దొరకడు. ఆ పుణ్యాత్మునికి దేవుడు తన సన్నిధిని చల్లని చోటు ఇచ్చుగాక. కాగితం మళ్లీ రాస్తున్నాను. కారణాల వరుసలు మారుతున్నాయి, కొట్టివేతలు పెరుగుతున్నాయి. లక్ష్మీదేవమ్మగారికి చదివి వినిపించని చివరి వరుస ఒకటి మాత్రం మార్చలేదు. సారూ, మీరు గట్టు మీద లేరు. నన్ను మన్నించండి.