మిస్ రోసా తిరిగిచ్చిన కాగితం

ఈ రోజు సాయంత్రం పాప కోసం డేకేర్‌కి వెళ్తే, టీచర్ మిస్ రోసాకి అదే ఆఖరి రోజని తెలిసింది. కనీస వేతనంతో మా ఊరు ఆష్‌బర్న్‌లో అద్దె కట్టలేక, వేరే రాష్ట్రంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోతోందట.

నా చేతిలో ఒక కాగితం పెట్టింది. పాప చేరిన రోజు నేను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిచ్చిన తెలుగు మాటలు: ఆకలి, నీళ్లు, నిద్ర, అమ్మ కావాలి. కింద ఆవిడే ఒకటి రాసుకుంది: ఏడవకు బంగారం. రోజూ పొద్దున నేను పాపని దింపేటప్పుడు విని నేర్చుకుందట.

"కొత్త టీచర్‌కి ఇవ్వండి. ఆ చివరి మాట అంటే పాప వెంటనే ఊరుకుంటుంది," అంది.

కార్‌లో పాప, "మమ్మీ, మండే రోజు మిస్ రోసా వస్తుందా?" అని అడిగింది. నేను పాట పెట్టాను.

పోయిన నెల డేకేర్ వాళ్లు సర్వే పంపారు. ధరలతో పాటు టీచర్ల జీతాలూ ఏటా పెంచాలంటే మీ ఫీజు కొంచెం పెరుగుతుంది, సరేనా అని. ఆఫీస్ మీటింగ్‌లో కూర్చుని, పూర్తిగా చదవకుండానే "వద్దు" నొక్కాను. ఇప్పుడు వాళ్లని తిట్టుకుందామంటే నా వేలే అడ్డొస్తోంది.

మా డేకేర్ పేరెంట్స్ కూడా ఈ పోస్ట్ చదువుతారు. సర్వేలో పేర్లు అడగలేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను: మీరేం నొక్కారు?