పప్పుల డబ్బాల కింద పడవ

తొంభైల్లో మేం దేశ రాజధానిలో, మయూర్ విహార్‌లో ఉండేవాళ్లం. చిన్నప్పుడు చదివిన ఒక పాత సాహస కామిక్స్ అట్టల మీది బొమ్మలు సేకరించి డైరీలో అంటించుకునేదాన్ని. తుఫానులో పడవ నడిపే అమ్మాయి బొమ్మ ఒక్కటే దొరకలేదు. దరియాగంజ్ ఆదివారం పాత పుస్తకాల బజారులో నాలాంటి అభిమానులెవరి దగ్గరా అది లేదు.

శ్రావణ శుక్రవారం పేరంటానికి పక్క ఫ్లాట్ ఆంటీ పిలిచారు. వాళ్ల వంటింటి అరలో పప్పుల డబ్బాల కింద పరిచిన కాగితాల్లో ఆ పడవ కనిపించింది. డబ్బాలు దించుతుండగా ఆంటీ లోపలికి వచ్చారు.

"ఏం కావాలమ్మా?"

"మంచినీళ్లు" అన్నాను, డబ్బా తిరిగి అరలో పెట్టేస్తూ.

దీపావళి వెళ్లాక ధైర్యం చేసి ఆ పడవ బొమ్మ కాగితం అడిగాను. అరల్లో కొత్త కాగితాలున్నాయి.

"పండక్కి సర్దుతూ పాతవన్నీ, పాత పేపర్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశానే. నీళ్లడిగిన నోటితోనే అదీ అడగొద్దూ, పిచ్చిపిల్లా" అన్నారు.

డైరీలో ఆ బొమ్మకని వదిలిన పేజీ ఇప్పటికీ ఖాళీయే. ఆ శుక్రవారం పేజీలో మాత్రం, ఆంటీ ఇంట్లో మంచినీళ్లు తాగానని రాసి ఉంది.