నేల మీద పరిచిన మైకు

మైకు మామ పోయాడని బడి ఆఫీసుకు ఫోను వచ్చింది. తిరుపతిలో ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను అప్పుడు. ఫోను పెట్టేసి, మళ్లీ క్లాసుకు వెళ్లి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేశాను. ఆ తర్వాత చిత్తూరు బస్సెక్కాను. దారిలో ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు. ఎందుకు రాలేదో కూడా తెలియడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. చిత్తూరులో మా ఇంటికి మూడిళ్ల అవతల రేడియోలు బాగుచేసే అంగడి ఆయనది. మా అమ్మను అక్కా అనేవాడు, కాబట్టి నాకు మామ. పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టడం బతుకుతెరువు. ఇంటి ముందుగదిలో ఊళ్లోవాళ్ల పాటలు, పద్యాలు క్యాసెట్లకెక్కించడం పిచ్చి.

మద్రాసు స్టూడియోల్లో ఉండే మైకులు కొనే తాహతు లేదు. ఏదో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూసి తనే ఒకటి చేసుకున్నాడు. రెండరచేతులంత అల్యూమినియం రేకు. పాత టేపురికార్డరులోంచి పీకిన శనగగింజంత మైకును దాని మీద బోర్లా బిగించి, మధ్యలో పోస్టుకార్డు దూరేంత సందు వదిలాడు. అంతే. దాన్ని నేల మీద పరిచేవాడు.

"నిలబెట్టిన మైకుకు పాట రెండుసార్లు వస్తాది పాపా. నేరుగా ఒకసారి, నేలను తగులుకోని ఒకసారి. రెండూ కొట్లాడుకుంటాయి. మైకునే నేల మీద పండబెట్టేస్తే ఆ తగువుండదు" అనేవాడు.

ఐరాల నుంచి పద్యాలు పాడేవాళ్లు హార్మోనియంతో దిగి, గదంతా కలయజూసి, "మైకు యాడప్పా?" అని అడిగేవాళ్లు. "నువ్వు పాడప్పా, అది వింటాండాది" అనేవాడు మామ. ముందుగా ఫ్యాను ఆపేవాడు. గోడ గడియారం పెరట్లోకి పోయేది. రెండు గోడలకు బొంతలు వేలాడేసేవాడు. "ఇది మనిషిని ఒకరినే వినదు, గదినంతా వింటాది. గదిని బాగా పెట్టుకోవల్సింది మనమే" అనేవాడు. ఖరీదైన మైకుకు కూడా అంత సేవ చేసేవాళ్లు ఉండరు.

మా అమ్మ పెళ్లిపాటలు పాడేది. ఆరేళ్ల కిందట ఆమె గొంతులో గడ్డ తేలింది. ఆపరేషను చేస్తే మాట ఉండదని వేలూరు డాక్టరు ముందే చెప్పేశాడు. విజయదశమి మర్నాడు రమ్మన్నాడు. వెళ్లేలోగా పాటలు రికార్డు చేయించాలని నా పట్టుదల. నిలబెట్టిన మైకు చూస్తే అమ్మకు గొంతు పెగిలేది కాదు. అందుకే మామ మైకు.

ఆయన ఆయుధపూజకు ముందురోజే అంతా సిద్ధం చేసి, విని చూసుకున్నాడు. పూజరోజు పనిముట్లు ముట్టుకోరు కదా. అప్పట్లో నేను చదువుతున్న టీచరు ట్రైనింగు కాలేజీకి సెలవులు, ఊళ్లోనే ఉన్నాను. మామ భార్యకు, అంటే మా అత్తకు, సాయంగా వెళ్లి స్క్రూడ్రైవరు దగ్గర్నుంచి టేపురికార్డరు దాకా అన్నింటికీ బొట్లు పెట్టాను. ఆ రేకుకు ముఖమెక్కడో వెతికి, అమ్మ పాటకు మేలు జరగాలని, సరిగ్గా ఆ సందు దగ్గరే దండిగా గంధం అద్ది కుంకుమ పెట్టాను.

విజయదశమి పొద్దున అమ్మ గంటసేపు పాడింది. చివరకు గొంతు పూడుకుపోయింది. టేపు వెనక్కి తిప్పి వింటే దుప్పట్లో మూటగట్టినట్టు ఏదో మూలుగు. మామ రేకు ఎత్తి, ఎండిన గంధాన్ని గోటితో గీకాడు. నా వైపు చూశాడు. అమ్మ వైపు తిరిగి, "నా మైకే మోసం చేసిందక్కా. మళ్లా ఒకటి పాడతావా?" అన్నాడు. అమ్మ ప్రయత్నించింది. ఒక్క చరణం కూడా రాలేదు.

వాకిట్లో నేను నోరు తెరవబోతే ఆపాడు. "ఇప్పుడొద్దు పాపా. ఆపరేషనుకు పోయే మనిషి, బిడ్డ మీద కోపంతో పోకూడదు. వచ్చినాక చెప్దువులే. అయినా పొద్దున్నే ఇంకొకసారి విని చూసుకోకపోవడం నా తప్పే."

అమ్మ వచ్చింది. గొంతు రాలేదు. ఆమె పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకున్నాను. ఆ పెదవులు మామను ఏమేమి తిట్టాయో నాకొక్కదానికే తెలుసు. అమ్మ ఆయన గడప మళ్లీ తొక్కలేదు. వీధిలో ఎదురైతే మొహం తిప్పుకునేది. ఆయన మాత్రం "బాగుండావా అక్కా" అని పలకరించి పోయేవాడు. చెప్పావా అని నన్ను ఏనాడూ అడగలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఆరేళ్లు గడిపాను. పిరికిదాన్ని. ఆయన మంచితనం నీడలో హాయిగా బతికాను.

బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి అమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. మామను చూడ్డానికి వెళ్లలేదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. చెప్పులైనా విప్పకుండా అక్కడే నిలబడి చెప్పేశాను. "ఆ మైకును పాడుచేసింది నేనేమ్మా. దాని సందులో గంధం పూసినాను. మామ నాకోసరం తన మీద ఏసుకున్నాడు."

అమ్మ చాట కింద పెట్టింది. "ఇన్నేండ్లు" అన్నాయి పెదవులు. లేచి కొంగు కప్పుకుని మూడిళ్ల దూరం నడిచింది. నేను వెనక వెళ్లాను.

అత్త జరిగి చోటిచ్చింది. అమ్మ ఆయన తల దగ్గర నేల మీద కూర్చుంది. కాసేపటికి పెదవులు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. అది ఏడుపు కాదు. ఆ విజయదశమి పొద్దున మొదట పాడిన నలుగుపాట.

పాడె కట్టినవాళ్లు వాకిట్లో ఎదురుచూస్తున్నారు. అత్త వాళ్లను ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. అమ్మ రెండో చరణం ఎత్తుకుంది.