మన్ను పట్టని చోటు

పక్కింటి అత్త పోయిందని మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను బరంపురంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చుందట. అలాగే పోయిందట. నేను గిరిసోలలో బస్సు దిగి వెళ్లేసరికి ఆమెను పడుకోబెట్టారు. చేతులకు మట్టిగాజులు అలాగే ఉన్నాయి. వాటిని తీయాలా, ఉంచి పంపాలా అని పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

నేను ఆ ఊరికి కోడలిగా వచ్చేనాటికే ఆమె భర్త సూరత్ మిల్లు పనికి వెళ్లిపోయాడు. మొదట్లో కబురు వచ్చేదట. తరువాత అదీ లేదు. ఉన్నాడో లేడో చెప్పగలిగినవాళ్లు లేరు.

గోడలు అలకడం నాకు ఆమే నేర్పింది. ఏటా మార్గశిర లక్ష్మివారాలకు ముందు ఎర్రమన్ను, పేడ చిక్కగా కలిపేవాళ్లం. చెయ్యి పెట్టిన ప్రతిసారీ కుండ అడుగుదాకా కలపాలి. లేకపోతే ఇసుక కిందికి దిగిపోయి పైన తేటే మిగులుతుంది. గోడను ముందే తడపమనేది.

"దప్పిక మీదున్న గోడ బురదలో నీలు తాగీసి మన్నుని ఒగ్గేస్తాదమ్మీ."

మిగిలిన మన్నుతో, అడగకుండానే, మా గుమ్మం పక్కన కూడా అలికి వెళ్లేది.

వాళ్ల ముందుగదిలో ఒక్కచోట మాత్రం ఎంత తడిపినా మన్ను నిలిచేది కాదు. కూర్చున్న మగవాడి తల ఎత్తున, కొబ్బరికాయంత నల్లమరక ఉండేది. ఆమె భర్త తలకు ఆముదం పట్టించుకుని రోజూ అక్కడే ఆనుకునేవాడట. ఆ నూనె మట్టిగోడ లోపలికి ఇంకిపోయింది. తడి ఉన్నంతసేపు మన్ను అంటుకున్నట్టే కనిపించేది. ఆరేకొద్దీ అంచులు అప్పడంలా లేచి, ఇంట్లో అలికిడి లేనప్పుడు నేలమీద రాలేవి. అత్త అటు చూడకుండానే, "మీ మావ తల దులుపుకుంతన్నాడు" అనేది. ఆమె నవ్వేది. నేను ఆ గోడకు దూరం జరిగేదాన్ని.

ఒక ఏడాది పొలసర నుంచి ఆమె ఆడపడుచు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇచ్ఛాపురం పెళ్లివారికి దగ్గరని పెళ్లిచూపులు ఆ ఇంట్లోనే పెట్టుకున్నారు. ఇల్లంతా అలికాం. ఆసారి ముందుగదిలో మన్ను రాలలేదు. పూర్తిగా ఆరినా రాలలేదు. అత్త మా పెరట్లోకి వచ్చి నిలబడింది.

"అమ్మీ, గోడ పట్టీసింది."

"మంచిదే కదత్తా."

"మంచేటి? నిన్నటిదాకా ఉన్నాడు మీ మావ."

రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, గాజులు పగలగొట్టుకోవడానికి రాయి కోసం చూస్తోంది. వెనకనుంచి ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది.

"ఆగు వదినా. నువ్వు పొలం ఎల్లినప్పుడు నానే రుద్దీసినాను, బూడిదీ కుంకుడురసం ఏసి. పెల్లోల్లు సూస్తే ఈలింటి గోడకి గజ్జి పట్టిందనుకోరా?"

అత్త చేతులు దించింది.

"పోయిందా మరి?"

"ఏటి పోడం. నా సెయ్యి నొప్పెట్టీసింది. పైపైనే పోనాది."

"మీ అన్న మొండోడు" అంది అత్త. గాజులు సవరించుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ తరువాత ఏటా ఆ చోట మన్ను నిలిచింది. కానీ అత్త రోజూ తలకు ఆముదం రాసుకుని దాని పక్కనే ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. నీ తల మరక కూడా పడుతుంది అత్తా అన్నాను.

"పడనీ. పక్కన మనిసుంటే ఆ సోటు ఎవులూ రుద్దరు."

అత్త పోయిన రోజు, చివరికి గాజుల సంగతి ఆడపడుచే తేల్చింది. ఇప్పుడు ఆమెకు కళ్లు సరిగా ఆనవు. "ఉంచండి. మా వదిన సేతులు ఎవులూ ముట్టద్దు" అంది. అత్త గాజులతోనే వెళ్లింది.

శుద్ధి రోజు అందరూ ఏటికి వెళ్లారు. ముందుగది అలికే పని నేను తీసుకున్నాను. గోడ బాగా తడిపాను. మధ్యాహ్నానికి ఆమె తల ఆనిన చోట మన్ను రాలింది. అది రాలుతుందని తెలుసు. దాని పక్కన, జానెడు పైన, ఇన్నేళ్లూ మన్ను నిలిచిన మావ చోట, ఒక అంచు మెల్లగా లేచింది. రాలలేదు. గోడకూ దానికీ మధ్య సన్నటి చీకటి. నేను కుండలో పెట్టిన చెయ్యి తీయకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను.